బాండ్ సెట్ల కల సరే, ముందు గోడ గీయడం రావాలి

ప్రశ్న: మా అమ్మాయి బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. జేమ్స్ బాండ్ సినిమాలు చూసి చూసి, తనూ అలాంటి సెట్లు డిజైన్ చేస్తానంటోంది. ఇళ్లు కట్టే చదువు చదివి అట్ట గోడలు నిలబెడతావా అని వాళ్ల నాన్న కోపం. దీన్ని నమ్ముకోవచ్చా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: బాండ్ సినిమాలకు ఆ రూపం తెచ్చిన కెన్ ఆడమ్ చదివిందీ ఆర్కిటెక్చరేనని ముందు వాళ్ల నాన్నగారికి చెప్పండి. చదువు వృథా పోదు. కాకపోతే అందులో నేర్చుకున్నవి కొన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది.

1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ చూడండి. అమెరికా ప్రభుత్వం బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ ఖజానా లోపలికి ఆడమ్‌ను రానివ్వలేదు. బంగారం ఎంత బరువో తెలిసిన ఇంజినీరెవరూ దాన్ని అంతెత్తున పేర్చనివ్వరు. ఆయన మాత్రం చువ్వల వెనక కడ్డీలను పైకప్పు దాకా పేర్పించాడు. ప్రేక్షకుడు చూడాలనుకునేది ఆ రాశినే కదా! లోపల షూటింగుకు అనుమతి ఎలా దొరికిందని అడుగుతూ తర్వాత ఉత్తరాలు కూడా వచ్చాయి.

డబ్బుంటేనే ఇదంతా అనుకోవద్దు. 1962 నాటి ‘డాక్టర్ నో’ మొత్తానికి అయింది సుమారు 10 లక్షల డాలర్లు. 1967లో ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ కోసం పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన అగ్నిపర్వతం సెట్టు ఒక్కదానికే దాదాపు అంత అయింది. కానీ మీ అమ్మాయి మొదట చదవాల్సింది ‘డాక్టర్ నో’లోని ఒక చవక గదిని. అందులో ఉన్నవి ఒక కుర్చీ, దూరంగా బల్ల మీద సాలీడు ఉన్న బుట్ట. వాలు పైకప్పులో పెద్ద గుండ్రటి రంధ్రం, దానికి కమ్ముల జాలీ, ఆ కమ్ముల నీడ గది మీద. విలన్ కనిపించడు, గొంతే వినిపిస్తుంది. అయినా ఒళ్లు జలదరిస్తుంది. విలన్ చేయాల్సిన పనిని ఆ పైకప్పు చేసేసింది.

అరవై ఏళ్ల సిరీస్‌లో హీరోలు మారారు, డిజైనర్లూ మారారు. ఏది మార్చకూడదో తెలియడం ఇక్కడ సగం పని. ‘స్కైఫాల్’ (2012) చివర్లో బాండ్ పైఅధికారి ‘ఎం’ ఆఫీసుకు తోలు దిండు కుట్టిన పాతకాలపు తలుపు మళ్లీ వస్తుంది. పాత సినిమాలు ఎరిగినవాళ్లకు ఆ తలుపు చాలు, ఒక్క డైలాగు అక్కర్లేదు. అప్పటి డిజైనర్ డెన్నిస్ గాస్నర్.

ఇక మీ ఇంటి చర్చకు పనికొచ్చేది పీటర్ లామోంట్ దారి. ‘గోల్డ్‌ఫింగర్’లో ఆయన డ్రాఫ్ట్స్‌మన్, అంటే కొలతల డ్రాయింగులు గీసే మనిషి. 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’తో ప్రొడక్షన్ డిజైనర్, అంటే సినిమా సెట్లన్నిటి రూపానికీ బాధ్యుడు, అయ్యాడు. మధ్యలో 17 ఏళ్లు. ఆ తర్వాత 2006 వరకు, ఒక్కటి తప్ప ప్రతి బాండ్ సినిమా ఆయనదే. మన దగ్గరా ఆర్ట్ అసిస్టెంట్‌గానే మొదలవ్వాలి. జీతం సినిమా సినిమాకీ మారుతుంది, మధ్యలో ఖాళీ నెలలుంటాయి. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగడం మంచిది.

ఇప్పుడు చేయాల్సింది ఒక చిన్న ప్రాజెక్టు. 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు ఉన్న గదిని సెట్టుగా గీయమనండి. కెమెరా సెన్సర్ వెడల్పు 25 మి.మీ., లెన్స్ 35 మి.మీ. అనుకుందాం. 24ను 35తో గుణించి 25తో భాగిస్తే 33.6. వెనక గోడ మొత్తం ఫ్రేములో పట్టాలంటే కెమెరా అన్ని అడుగుల దూరంలో ఉండాలి. గది లోతేమో 16. కాబట్టి ఎదుటి గోడ ఊడొచ్చేలా ఉండాలి. ఆ గోడకు అవతల స్టూడియో ఫ్లోరులో 18 అడుగులు ఖాళీ కావాలి, కెమెరా వెనక మనుషులు నిలబడే చోటు అదనం. ఆర్కిటెక్చర్ పిల్లలు తప్పేది సరిగ్గా ఇక్కడే. త్రీడీ బొమ్మ మెరిసిపోతుంది, ఒక్క గోడా కదలదు, లైటు కట్టడానికి పైన సందుండదు.

గోడ ఎత్తు 12 అడుగులైతే 8×4 ప్లైవుడ్ షీట్లు తొమ్మిది సరిగ్గా సరిపోతాయి. 13 అన్నారో, ఇంకో షీటును అడుగు వెడల్పు ముక్కలుగా కోసి పైన అతకాలి. ఎంత లప్పం పెట్టినా, పక్క నుంచి లైటు పడగానే ఆ అతుకు గీతలా కనబడుతుంది.

ఈ ప్రాజెక్టులో ఉండాల్సినవి ఇవి: ప్లాన్, నాలుగు గోడల ఎలివేషన్లు (ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే డ్రాయింగులు) 1:50లో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతులో, అట్టతో 1:25 మోడల్, షీట్ల లెక్క, మోడల్ లోపలికి ఫోను పెట్టి తీసిన నాలుగు ఫొటోలు. పోర్ట్‌ఫోలియోలో ఇలాంటి గదులు మూడుంటే, ముప్పై త్రీడీ బొమ్మల కంటే ఎక్కువ విలువ.

డిగ్రీ మాత్రం మధ్యలో ఆపొద్దు. అది పూర్తయితే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కావచ్చు, ఖాళీ నెలల్లో ఇంటీరియర్ పనులు ఆదుకుంటాయి. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ స్కూలు ఎఫ్‌టీఐఐలో ఆర్ట్ డైరెక్షన్, ప్రొడక్షన్ డిజైన్ పీజీ కోర్సు ఉంది, ఆర్కిటెక్చర్ చదివినవారికి అది నప్పుతుంది. ఇంగ్లండ్‌లో నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్ ఉంది కానీ, ఫీజుకు అప్పు చేసి వెళ్లేముందు హైదరాబాద్‌లో ఒక్క సినిమాకైనా పనిచేయనివ్వండి. వచ్చే సెలవుల్లో నెల రోజులు ఏదైనా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పెట్టండి. పొద్దున్న ఆరింటికి ఫ్లోరుకు వెళ్లి, రాత్రి పదింటికి చేతుల నిండా రంగుతో ఇంటికొచ్చి, మర్నాడు మళ్లీ వెళ్తానంటే వాళ్ల నాన్నగారికి వేరే జవాబు అక్కర్లేదు.