అమ్మమ్మ పాటల ఫైళ్లకు ఊరూ పేరూ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మమ్మ పాడిన మంగళహారతులను, పెళ్లిపాటలను ఆడాసిటీ అనే ధ్వని రికార్డింగు ప్రోగ్రాములో రికార్డు చేసి నీవు పంపిన ఫోల్డరు అందింది. రికార్డింగు శుభ్రంగా ఉంది. ఫ్యాను ఆపించి, కిటికీ మూయించి కూర్చున్నావని వింటేనే తెలుస్తోంది. అయితే అందులో ఉన్నవన్నీ ఎంపీత్రీలు. వాటి పేర్లేమో "ట్రాక్ 1", "హారతి న్యూ", "ఫైనల్ 2" అన్న ధోరణిలో ఉన్నాయి. ఏ ఫైలు తెరిచినా పాడినదెవరో, ఆ పాట ఏదో చెప్పే వివరం ఒక్కటీ లేదు. వీటిని చుట్టాలందరికీ పంచకముందే ఫైళ్లను సరైన రూపంలోకి మార్చడం, వాటికి ట్యాగులు, అంటే పాట పేరు, పాడినవారు వంటి వివరాలు ఫైలు లోపలే రాయడం అనే రెండు పనులు పూర్తిచేయాలి. మొదటిది ఒక సాయంత్రంలో తెమిలిపోతుంది. రెండోదానికి అమ్మమ్మ పక్కన తీరిగ్గా కూర్చోవాలి. సాధారణంగా అందరూ మొదటిదాని గురించే తలలు బద్దలు కొట్టుకుంటారు గాని, ఇంటి రికార్డింగులు ఎందుకూ కొరగాకుండా పోయేది రెండోది చేయకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

ముందుగా, నీ దగ్గరున్న ఎంపీత్రీలను మార్చే ప్రయత్నం చేయవద్దు. ఎంపీత్రీ అనేది మన చెవి పట్టించుకోదని లెక్కగట్టిన ధ్వనిని తీసివేసి ఫైలును చిన్నది చేస్తుంది. అలా పోయినది, దాన్ని మళ్లీ కుదింపు లేని వేవ్ రూపంలోకి మార్చినా తిరిగి రాదు. ఫైలు మాత్రం పెద్దదవుతుంది. ఎంపీత్రీ నుంచి మరో ఎంపీత్రీ చేస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి ఆడాసిటీ ప్రాజెక్టు ఫైలును తెరిచి అక్కడి నుంచే కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేయి. ఆ ప్రాజెక్టు ఫైలును భద్రంగా ఉంచుకోవలసిందే గాని, దాన్నే శాశ్వతమైన ప్రతి అనుకోకూడదు, ఎందుకంటే అది ఆడాసిటీలో తప్ప మామూలు ప్లేయర్లలో వినడానికి పనికిరాదు.

దాచుకునే ప్రతిని ఫ్లాక్ అనే ఫైలు రూపంలో, 24 బిట్లతో ఎక్స్‌పోర్ట్ చేయి. సీడీ నాణ్యత గల స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. అదే ధ్వని ఫ్లాక్‌లో ఒక్క బిట్టు కూడా పోకుండా దాదాపు సగం చోటులో ఇమిడిపోతుంది. చోటు కలిసిరావడం కన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. వేవ్ ఫైలులోనూ వివరాలు రాసే వీలున్నా చాలా ప్లేయర్లు వాటిని చదవవు. ఫ్లాక్‌లో అందుకు సరైన ఏర్పాటు ఉంది, తెలుగు అక్షరాలు కూడా అందులో చెక్కుచెదరకుండా నిలుస్తాయి. ఒకే మైకుతో రికార్డు చేసినందువల్ల నీ స్టీరియో ట్రాకులో కుడి ఎడమలు రెండూ ఒకటే. దాన్ని మోనోగా, అంటే ఒకే ధారగా, మార్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే నష్టమేమీ ఉండదు. గొంతు పెద్దదయిన చోట గరిష్ఠ స్థాయి, ధ్వని పగిలే హద్దయిన సున్నా డెసిబెల్‌ను తాకకుండా మైనస్ ఒక డెసిబెల్ దగ్గర ఆగేటట్లు చూడు. ఎంపీత్రీగా మార్చేటప్పుడు శిఖరాలు కొద్దిగా పైకి లేస్తాయి కనుక ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి.

పంచడానికి మాత్రం ఎంపీత్రీయే మేలు, ఎందుకంటే మీ బాబాయి కారులోనైనా, పల్లెలో ఉన్న పాత ప్లేయరులోనైనా పలికేది అదే. సెకనుకు 320 కిలోబిట్లు పెట్టమని చెప్పేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. ఒక్క గొంతు, మోనో రికార్డింగు అయినప్పుడు స్థిరమైన 128 కిలోబిట్లు ధారాళంగా సరిపోతుంది, నిమిషానికి ఒక మెగాబైటు కూడా కాదు.

ఇక్కడ పని వరుస ముఖ్యం. ఫ్లాక్ ఫైళ్లకు ముందు ట్యాగులన్నీ రాసి, ఆ తరువాతే వాటి నుంచి ఎంపీత్రీలు చేయి. ఫూబార్ 2000 వంటి ప్రోగ్రాములు మార్పిడి సమయంలో ట్యాగులను కూడా వెంట తీసుకుపోతాయి కనుక రాత పని ఒక్కసారితో ముగుస్తుంది. ఎంపీత్రీలకు ముందు రాసి, తరువాత ఫ్లాక్‌లకు రాయబోతే రెండింటికీ పొంతన లేకుండా పోవడం ఖాయం. ట్యాగులు రాయడానికి విండోస్‌లో ఎంపీత్రీట్యాగ్ అన్న ఉచిత ప్రోగ్రాము ఉంది, పేరు అలా ఉన్నా అది ఫ్లాక్ ఫైళ్లనూ దిద్దుతుంది. లినక్స్‌లోనైతే కిడ్‌త్రీ వాడుకోవచ్చు. ట్యాగును ఎన్నిసార్లు దిద్దినా ధ్వనికి ఏమీ కాదు, కాబట్టి భయపడకుండా రాయి.

ఇక ట్యాగులోని ఏ గడిలో ఏమి రాయాలన్నది. పాడినవారి గడిలో "అమ్మమ్మ" అని రాయవద్దు. నీ పిల్లలకు ఆవిడ ముత్తమ్మమ్మ, మా పెద్దన్నయ్య మనవలకు మరో వరుస. ఇరవై ఏళ్ల తరువాత ఆ ఫైలు ఎవరి చేతికో చిక్కితే ఏ అమ్మమ్మ అని వెతుక్కోవాలి? ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకుండా, పూర్తి పేరు రాయి. చిన్నమ్మమ్మ గొంతు కలిపిన పాటలకు ఇద్దరి పేర్లూ రావాలి. అలా రాసినప్పుడు కొన్ని ప్లేయర్లు ఒకే ఆల్బమును రెండు ముక్కలుగా చూపిస్తాయి కనుక, ఆల్బమ్ ఆర్టిస్టు అనే వేరే గడిలో అన్ని పాటలకూ ఒకే పేరు ఉంచు. సంవత్సరం గడిలో పాట ఎప్పటిదో ఊహించి రాయకు. రికార్డు చేసిన సంవత్సరమే రాయాలి.

రచయిత గడి దగ్గర చాలామంది తొందరపడతారు. సంప్రదాయంగా వస్తున్న పాటలకు, ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఒక వాగ్గేయకారుడి పేరు తగిలించేస్తారు. ఆఖరి చరణంలో ముద్ర, అంటే రచయిత తన గుర్తుగా పెట్టుకున్న మాట, స్పష్టంగా వినిపిస్తే, దాన్ని అమ్మమ్మ కూడా ధ్రువపరిస్తే అప్పుడు రాయి, లేకపోతే ఖాళీగా వదిలేయి. అన్నమాచార్యుల కీర్తన అయితే మరో మెలిక ఉంది. రాగిరేకుల మీద పాటతో పాటు రాగం పేరు ఉంటుంది గాని స్వరం ఉండదు. నేడు మనం వినే వరుసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. సాహిత్యకర్త గడిలో అన్నమాచార్యుల పేరు, స్వరకర్త గడిలో వరుస కట్టినవారి పేరు రాయడం న్యాయం. అది ఎవరో తెలియనప్పుడు స్వరకర్త గడిని అలాగే ఉండనీ. రాగం, తాళం కోసం ఫ్లాక్‌లో నీవే కొత్త గడులు సృష్టించుకోవచ్చు. అయితే ఆ గడి పేరు ఇంగ్లీషు అక్షరాలతోనే ఉండాలి, లోపల రాసే విషయం తెలుగులో ఉండవచ్చు.

వ్యాఖ్య గడి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆ పాటను ఆవిడ ఎవరి దగ్గర, ఏ ఊరిలో నేర్చుకున్నారో, ఏ వేడుకలో ఏ ఘట్టాన పాడేవారో అందులో రెండు మూడు వాక్యాల్లో రాయి. తలుపు దగ్గరి పాటకూ అప్పగింతల పాటకూ తేడా తెలియని తరం వచ్చినప్పుడు ఆ వాక్యాలే దిక్కు. ఇవి కాక సాహిత్యం కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంది, పాట మొత్తాన్ని అందులో టైపు చేయవచ్చు.

తెలుగులో రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎంపీత్రీలో ఉండే ట్యాగులను ఐడీత్రీ అంటారు, వాటికి పాత రూపం ఒకటి ఉంది. 1996 నాటి ఆ మొదటి రూపం పాట పేరుకు ముప్పై బైట్లే ఇస్తుంది, తెలుగుకు అందులో తావు లేదు, పాత పరికరాలు దాన్ని చదివి ప్రశ్నార్థకాల వరుస చూపిస్తాయి. ఎంపీత్రీట్యాగ్ అమరికల్లో మొదటి రూపం రాయడాన్ని ఆపివేసి, 2.3 రూపాన్ని, తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-16 పద్ధతితో రాయమని ఎంచుకో. రెండోది, ఒకే పేరును ప్రతి ఫైలులోనూ విడివిడిగా టైపు చేయకు. పేరు చివర ఒక ఖాళీ మిగిలినా, పొల్లుతో ముగిసే పదం తరువాత కొన్ని కీబోర్డులు వదిలే కనిపించని గుర్తు ఉండిపోయినా, మన కంటికి రెండూ ఒకటే గాని కంప్యూటరుకు ఇద్దరు గాయనులు. ఫైళ్లన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ఆ గడిని ఒక్కసారే నింపితే ఈ తలనొప్పి ఉండదు.

ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా ఉండనీ. చాలా కారు స్టీరియోలలో తెలుగుకు బదులు గళ్లు కనిపిస్తాయి. ప్రతి పేరుకూ ముందు 01, 02 అని రెండంకెలు వేయి. సున్నా లేకపోతే కొన్ని పరికరాల్లో 2 కన్నా ముందు 10 పలుకుతుంది. మరికొన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించిన క్రమంలోనే వినిపిస్తాయి కనుక ఒక్కొక్కటిగా వరుసగా కాపీ చేయి, అంతకు ముందే డ్రైవును ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయడం మరవకు. బొమ్మ పెట్టదలచుకుంటే ఫోనులో తీసిన ఫొటోను ఆరువందల పిక్సెళ్లకు తగ్గించి పెట్టు, ఎందుకంటే అది ప్రతి ఫైలులోనూ విడిగా చేరి బరువు పెంచుతుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు, ఫైలు ఉన్నదున్నట్లు చేరుతుంది.

ఫ్లాక్ ప్రతులను నీ హార్డ్‌డిస్కులో ఒక సెట్టు ఉంచుకుని, మరో సెట్టు నాకు పంపు. ట్యాగులు నేనూ ఒకసారి సరిచూస్తాను. అన్నట్టు, గౌరీదేవి హారతిలో రెండో చరణం మొదటి మాట నాకు సరిగా అందలేదు. సాహిత్యం గడిలో ఎక్కించే ముందు అమ్మమ్మను అడిగి, ఆవిడ చెప్పినట్లే రాయి.

ఇట్లు,
మీ మామయ్య