ఉప్పు నీళ్లలో బూజు బతుకుతుందా? వైజాగ్ తీరంలో నేను చూసింది

ఉప్పు సరిపడా వేస్తే ఆవకాయకే బూజు పట్టదు, మరి సముద్రంలో ఫంగస్ ఎలా బతుకుతుందని అడిగారు. బతుకుతుందండీ, అదీ బోలెడన్ని రకాలు. సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములే, ఆవకాయ ఉప్పు ముందు అదెంత! పైగా ఉప్పుకి ఓర్చుకునే ఫంగస్ తన కణాల్లో గ్లిజరాల్ నింపుకుంటుంది, దాంతో బయటి ఉప్పు లోపలి నీటిని లాగేయలేదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వైజాగ్‌లో తెల్లవారుజామునే పడవెక్కి సముద్రపు పైనీళ్లు పట్టుకొచ్చి, ఫంగస్‌కి తిండి (మీడియా) పోసిన ప్లేట్ల మీద వేసేదాన్ని. మొదటి ప్లేట్లన్నీ బ్యాక్టీరియా కమ్మేసింది, మీడియాలో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కలిపాక గానీ ఫంగస్ బయటపడలేదు. ఆరో రోజుకి రోడోటోరులా అనే ఈస్ట్ కనిపించింది, నున్నగా, తడితడిగా గులాబీ రంగు చుక్కలు. వానలు పడ్డాక మాత్రం ఆస్పర్‌జిల్లస్ అనే ఆకుపచ్చ బూజు ఎక్కువైంది. అది సముద్రంలో పెరిగిందో, నేల మీంచి గెడ్డల (వాగుల) నీళ్లతో కొట్టుకొచ్చిన స్పోర్లు, అంటే ఫంగస్ విత్తనాల్లాంటివి, ప్లేటు మీద మొలిచాయో ప్లేటు చూసి చెప్పలేం, నాకు అసలు టెన్షన్ అక్కడే.

నురగ సంగతి వేరు. అలలు ఒడ్డున వదిలిన నురగని సీసాలోకి తీసి, కరిగాక మైక్రోస్కోప్ కింద పెడితే కొరొలోస్పోరా అనే ఫంగస్ స్పోర్లు దొరికేవి: రెండు కొసలా చిన్న ముల్లు, అక్కడా నడుమ చుట్టూరా సన్నటి పోగుల కుచ్చులు. ఆ కుచ్చులతోనే అవి నురగకి చిక్కుకుంటాయి. ఇది నేల బూజు కాదు, ఇసుకనీ సముద్రాన్నీ నమ్ముకున్నదే. మొదటిసారి చూసినప్పుడు ఎంతసేపు కళ్లు తీయలేదో!

ప్లేటు మీద మొలవనివే ఎక్కువ. 2009 నుంచి 2013 దాకా టారా అనే పరిశోధన నౌక ప్రపంచ సముద్రాలు తిరిగి సేకరించిన ప్లాంక్టన్ (నీళ్లలో తేలియాడే చిన్న జీవుల) డీఎన్‌ఏలో కూడా ఫంగస్ జాడలున్నాయి. చుండ్రుకి కారణమయ్యే మలాసీజియా జాతి డీఎన్‌ఏ సైతం సముద్రాల్లో దొరికింది. కైట్రిడ్‌లనే సూక్ష్మ ఫంగస్‌లైతే డయాటమ్‌లకి (ఒకే కణం ఉండే నాచు రకం) అతుక్కుని వాటిని తినేస్తాయి, తర్వాత తోకతో ఈదే వాటి స్పోర్లని జంతు ప్లాంక్టన్ తింటుంది. అంటే మింగుడుపడనంత పెద్ద డయాటమ్‌లో ఉన్న పోషకం ఈ ఫంగస్ ద్వారా జంతువులకి చేరుతోందన్నమాట. కుళ్లిన ఆకులు, కర్రలు, నాచు లాంటి తిండి ఎక్కువ కాబట్టి మామూలుగా నడిసముద్రం కన్నా తీరం దగ్గరే ఫంగస్ ఎక్కువ.

మీరూ ఈ పని మొదలుపెట్టేట్టయితే ప్లేట్లు ఒక్కటే నమ్ముకోకండి. డీఎన్‌ఏలో కూడా ఫంగస్‌ని గుర్తుపట్టడానికి వాడే ఐటీఎస్ అనే భాగం ఒక్కటే చూస్తే కొన్ని కైట్రిడ్‌లు తప్పిపోతాయి, 18ఎస్ అనే ఇంకో భాగం కూడా చేయండి. నీళ్లు తీసిన ప్రతిసారీ ఉప్పుశాతం, ముందు రోజు వాన పడిందా లేదా అన్నది రాసుకోండి, నేను మొదటి నెల అది రాయక ఆ శాంపిళ్లన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.