గొంతును ఎంత లాగవచ్చు?

చెన్నై సాలిగ్రామంలో పాటల మిక్సింగ్ నా పని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రీమిక్స్ ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్క పెళ్లి సంగీత్ కోసం అమ్మకి ఇష్టమైన ఒక పాత తెలుగు పాటను డాన్స్ రీమిక్స్ చేస్తున్నాను. పాట 96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్లు) ఉంది, నాకు 128 కావాలి. ఏఐ టూల్‌తో గొంతు విడదీసి ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వార్ప్ చేశాను, అంటే శ్రుతి మారకుండా వేగం పెంచాను. గాయని నీళ్లలోంచి పాడుతున్నట్టుంది. ఫంక్షన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏ సెట్టింగ్ మార్చాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, పోరూరు

జవాబు: సెట్టింగ్ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు అడుగుతున్న వేగం చూడండి. 96 నుంచి 128 అంటే మూడోవంతు పెంచడం. నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇంత భారం గొంతు మీద వేస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా పాటను మిగులుస్తుంది కానీ పాడిన మనిషిని మిగల్చదు.

టేపు తిప్పినట్టు వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. మీ లెక్కకు దాదాపు ఐదు అర స్వరాలు, అంటే ఆమె ‘సా’ పాడిన చోట ‘మా’ వినిపిస్తుంది. శ్రుతి కదలకుండా వేగం ఒక్కటే మార్చాలంటే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని సెకనులో కొన్ని వందోవంతుల ముక్కలుగా కోసి, కొన్నిటిని తీసేసి, మిగతావాటి అంచులు ఒకదాని మీదకి ఒకటి జరిపి అతుకుతుంది. ‘ఆ’ అని పట్టుకున్నంతసేపూ దాదాపు ఒకే అల మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి అచ్చుల్లో అతుకు తెలియదు. ట, క, ప అలా కాదు. నాలుకో పెదవో విడిపడిన క్షణంలో పుట్టి పోయే శబ్దాలవి. అతుకు వాటి మీద పడితే మాట మొద్దుబారుతుంది. నీళ్ల చప్పుడుకు ఇంకో కారణం మీరు విడదీసిన గొంతే. అందులో తబలా, వయొలిన్ల ఆనవాళ్లు మిగిలి ఉంటాయి. మామూలుగా వింటే పట్టుబడవు, లాగగానే బయటపడతాయి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది గమకం. పాదం చివర ఆమె స్వరాన్ని ఊపిన ఊపుకు ఒక వేగం ఉంటుంది. అది మూడోవంతు పెరిగితే చలికి వణుకుతున్నట్టు వినిపిస్తుంది. దాన్ని సరిచేసే బటన్ ఎక్కడా లేదు.

అందుకే 128 వదిలేయండి. 108 పెట్టుకోండి, సంగీత్‌లో పెద్దవాళ్లు కూడా కాలు కదపగలిగే వేగం అది. ఆ 108కి కూడా ఒకేసారి లాగొద్దు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్‌ను 5.95 శాతం పెంచండి. శ్రుతి అర స్వరం పైకి వెళ్తుంది, టెంపో దాదాపు 101.7 అవుతుంది. ఇక్కడ ముక్కలు కోయడం లేదు కాబట్టి గొంతు చెడదు. అర స్వరం తేడా అమ్మగారికి కూడా తెలియకపోవచ్చు. మీరు కలిపే కీబోర్డు, బేస్ మాత్రం ఆ కొత్త శ్రుతిలోనే వాయించాలి. మిగిలిన ఆరు శాతం లైవ్‌లో కాంప్లెక్స్ ప్రో మోడ్‌తో పెంచండి. అందులో ఎన్వలప్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మొదట 128 మీద ఉంటుంది. (మీ బీపీఎంకీ దానికీ సంబంధం లేదు.) పై స్థాయిలో పాడే ఆడగొంతుకు దాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ వినండి. ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టండి. లాగినదాన్నే మళ్లీ లాగితే అతుకుల మీద అతుకులు పడతాయి.

వార్ప్ మార్కర్ల గురించి, అంటే పాటను బీటుకు కట్టే గుర్తుల గురించి, ఒక మాట. మద్రాసు స్టూడియోల్లో పాత పాటలకు ఆర్కెస్ట్రా అంతా కలిసి, క్లిక్ (బీటు కొలిచే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాయించేవారు. చరణంలో వేగం కాస్త పెరగడం, పల్లవికి వచ్చేసరికి సర్దుకోవడం మామూలే. దాన్ని తప్పులా చూసి ప్రతి అక్షరానికీ మార్కర్ పెట్టకండి. ఆవర్తం మొదట్లో ఒక్కటి చాలు. అక్షరాల మధ్య పెడితే ఒకటి సాగి ఒకటి నలుగుతుంది. తెలుగులో హ్రస్వం కాస్త సాగినా ‘కలం’ ‘కాలం’ అయిపోతుంది. పాదం చివరి గమకాన్ని మాత్రం కోసి పక్కన పెట్టి, లాగకుండా అలాగే వాడండి. అది తర్వాతి బీటు మీదికి కొంచెం జారినా వినడానికి హాయిగానే ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉంది. మీ ఇంట్లో బాగా పాడేవాళ్లు ఎవరైనా ఉంటే హెడ్‌ఫోన్‌లో 112 క్లిక్ వినిపించి పల్లవి వాళ్లతో పాడించండి. పెళ్లికి అంతకంటే మంచి రీమిక్స్ ఉండదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా నాయనమ్మ నాట్ల పాట పాడితే ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఆమె మూడేసి చప్పట్లకు ఒక చుట్టు పాడుతుంది. నాలుగు బీట్ల హౌస్ మ్యూజిక్ (ఒక రకం డాన్స్ సంగీతం) మీద ఎంత లాగినా కుదరడం లేదు.
– పాఠకురాలు, తిరువొత్తియూరు

జవాబు: లాగకండి అమ్మా, అవసరమే లేదు! ఆమె మూడు చప్పట్లు పట్టే కాలంలో మీ కిక్ (డ్రమ్ దెబ్బ) నాలుగు సార్లు కొట్టాలి, అంతే. చప్పట్ల టెంపోను నాలుగుతో గుణించి మూడుతో భాగించండి. 90 అయితే ప్రాజెక్ట్ టెంపో 120, 93 అయితే 124, 96 అయితే 128. గొంతు అసలు వేగంలోనే ఉంటుంది, ప్రతి చుట్టు మొదట్లో చప్పట్టూ కిక్కూ కలుస్తాయి, మధ్యలో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. నాలుగు మీద మూడు నడవడం మన చెవులకు కొత్తేమీ కాదు, కచేరీల్లో మృదంగం వాళ్లు నడ మార్చి వాయించేటప్పుడు వింటూనే ఉంటాం. నాయనమ్మగారు అక్కడక్కడా ఆగి ఊపిరి తీసుకుంటారు కదా, ఆ చోట్ల గొంతును జరపకండి. ప్రాజెక్ట్ టెంపోకి ఆటోమేషన్ గీసి, అంటే వేగం ఎక్కడ ఎంత మారాలో గీత గీసి, బీటునే ఆమె వెంట నడిపించండి. ఆ రికార్డింగ్ అసలు కాపీ వేరే చోట కూడా దాచండి, ఇది రీమిక్స్ కంటే ముఖ్యం.

ప్రశ్న: నాకు మాత్రం ఆ లోహపు శబ్దమే కావాలి, పాత జంగిల్ (వేగమైన డాన్స్ సంగీతం) ట్రాకుల్లో గొంతు జరజరమంటూ సాగుతుంది కదా. ఎలా వస్తుంది?
– డీజే, అంబత్తూరు

జవాబు: 1988లో వచ్చిన ఎకాయ్ ఎస్950 లాంటి సాంప్లర్లలో (శబ్దాన్ని రికార్డ్ చేసి తిరిగి వాయించే యంత్రాల్లో) టైమ్ స్ట్రెచ్, అంటే శబ్దాన్ని సాగదీసే సౌకర్యం, ఉండేది. ముక్కలు ఒకే కొలతలో తిరిగి తిరిగి రావడం వల్ల ఆ జరజర వచ్చేది. 90ల మొదట్లో ఇంగ్లండ్ జంగిల్ వాళ్లు దాన్ని ఇష్టపడి వాడుకున్నారు. ఇప్పుడు లైవ్‌లో టెక్స్‌చర్ మోడ్ పెట్టి, ఫ్లక్స్ సున్నా చేసి, ఒకే ఒక్క మాటను రెండు మూడు రెట్లు పొడవు సాగదీయండి. గ్రెయిన్ సైజ్ (ముక్క పొడవు) తిప్పుతూ ఉంటే దగ్గరి శబ్దం దొరుకుతుంది. దీర్ఘం ఉన్న మాటను ఎంచుకోండి, హల్లుతో మొదలయ్యే మాటైతే ఆ హల్లును కోసి, లాగకుండా ముందు అతికించండి.