పన్నెండు డిపార్ట్‌మెంట్లు, ఒకే కోర్టు

క్యాంపస్ లోపల డిపార్ట్‌మెంట్ల మధ్య, హాస్టళ్ల మధ్య నడిపే ఇంట్రామ్యూరల్స్ మీద ఈ నెల చాలా ప్రశ్నలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్ర: మా దగ్గర 12 డిపార్ట్‌మెంట్లు వాలీబాల్‌కు టీములు పంపుతాయి. లైట్లున్న కోర్టు ఒకటే. ఏటా నాకౌట్ పెడతాం, రెండ్రోజులకే సగం టీములు బ్యాగులు సర్దుకుంటాయి. లీగ్ పెడదామంటే నెలలు పడుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
— అసిస్టెంట్ పీడీ (ఫిజికల్ డైరెక్టర్), తార్నాక

జ: నాకౌట్ విజేతను త్వరగా తేలుస్తుంది, అంతవరకే. ఇంట్రామ్యూరల్స్ పెట్టేది యూనివర్సిటీ టీములో ఎప్పటికీ చోటు దొరకని పిల్లల కోసం. కాబట్టి ఫిక్చర్లు వేసేముందు ఒక్కటే చూడండి: అందరికంటే బలహీనమైన టీముకు కనీసం ఎన్ని మ్యాచ్‌లు దక్కుతున్నాయి?

12 టీముల నాకౌట్ అంటే మొత్తం 11 మ్యాచ్‌లు. నాలుగు టీములకు బై వస్తుంది, అంటే మొదటి రౌండ్ ఆడకుండానే ముందుకు వెళ్తాయి. మిగతా ఎనిమిదింటిలో నాలుగు మొదటి రౌండ్‌లోనే ఔట్. బై వచ్చినవి క్వార్టర్స్‌లో ఓడితే వాటికీ ఒక్క మ్యాచే. అంటే ఎనిమిది టీముల దాకా ఒక్క మ్యాచ్‌తోనే సరిపెట్టుకోవాల్సి రావచ్చు. అందరూ అందరితో ఆడే పూర్తి లీగ్‌కు 66 మ్యాచ్‌లు కావాలి, అది ఒక్క కోర్టు మీద తెమిలే పని కాదు. ఆరేసి టీములతో రెండు పూల్స్ (గ్రూపులు) చేయండి. పూల్‌కు 15 చొప్పున 30, ఆపైన రెండు సెమీస్, ఒక ఫైనల్: మొత్తం 33. చివరి స్థానంలో నిలిచే టీమైనా ఐదు మ్యాచ్‌లు ఆడుతుంది.

ఇక రోజుల లెక్క. 25 పాయింట్ల సెట్‌కు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. మూడు సెట్ల మ్యాచ్‌లో ఆఖరిది 15 పాయింట్లకే కాబట్టి, వార్మప్ కోర్టు బయటే ముగించి వస్తే గంట స్లాట్ చాలు. 5.30, 6.30, 7.30 — రోజుకు మూడు మ్యాచ్‌లు. ఆరు టీముల పూల్‌లో ఒక రౌండ్ అంటే సరిగ్గా మూడు మ్యాచ్‌లే. అంటే ఒక సాయంత్రం ఒక పూల్ రౌండ్ మొత్తం అయిపోతుంది. టీములకు 1 నుంచి 6 దాకా నంబర్లు ఇచ్చి ఇలా వేయండి:

మొదటి రౌండ్: 1-6, 2-5, 3-4
రెండో రౌండ్: 1-5, 6-4, 2-3
మూడో రౌండ్: 1-4, 5-3, 6-2
నాలుగో రౌండ్: 1-3, 4-2, 5-6
ఐదో రౌండ్: 1-2, 3-6, 4-5

1వ నంబర్‌ను కదపకుండా మిగతా ఐదింటినీ ఒక్కో స్థానం తిప్పుతూ పోతే ఇది వస్తుంది. ఎనిమిది టీములున్నా పద్ధతి ఇదే. ఐదే టీములుంటే ఆరో నంబర్ స్థానంలో 'బై' అని రాసుకోండి. సోమ, బుధవారాలు ఎ పూల్, మంగళ, గురువారాలు బి పూల్ పెడితే పది సాయంత్రాల్లో లీగ్ అయిపోతుంది, పదకొండో రోజు సెమీస్, పన్నెండో రోజు ఫైనల్. మూడు వారాలు సరిపోతాయి. శుక్రవారాలు వదిలేయండి, ఊళ్లకు వెళ్లే పిల్లలు బస్సు కోసం మ్యాచ్ వదులుకుంటారు. శనివారం పొద్దుటి స్లాట్లను మాత్రం ఖాళీగా ఉంచి తీరాలి. వాన పడినా, కరెంట్ పోయినా, ఇంటర్నల్స్ తేదీ మారినా వాయిదా మ్యాచ్‌లకు చోటు అదే. చాలాచోట్ల షెడ్యూల్ కూలిపోయేది ఆ ఖాళీ పెట్టకపోవడం వల్లే.

కిందటేడు ఫైనల్ ఆడిన రెండు టీములను చెరో పూల్‌లో పెట్టి, మిగతా పదింటికి కెప్టెన్ల ఎదుటే చీటీలు తీయండి. 7.30 స్లాట్ ఎప్పుడూ ఒకే టీముకు పడకుండా రౌండ్ రౌండ్‌కూ మ్యాచ్‌ల వరుస మార్చండి.

ప్ర: పేర్లు ఇచ్చేటప్పుడు అందరూ ఇస్తారు, మ్యాచ్ రోజు సగం మంది రారు. కిందటేడు వాకోవర్లు ఆడిన మ్యాచ్‌లతో పోటీ పడ్డాయి. డిపాజిట్ పెడితే ఆగుతాయా?
— విద్యార్థి స్పోర్ట్స్ సెక్రటరీ, గచ్చిబౌలి

జ: డిపాజిట్ కొంత పనిచేస్తుంది, పాయింట్ల పద్ధతి అంతకంటే బాగా పనిచేస్తుంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో ఉన్నట్టే గెలుపుకు 2, ఓటమికి 1, రాకుండా వాకోవర్ ఇచ్చిన టీముకు 0 ఇవ్వండి. ఓడిపోతామని తెలిసినా వచ్చి ఆడితే ఒక పాయింట్ దక్కుతుంది కాబట్టి టీము వస్తుంది. గెలుపుకు 2, ఓటమికి 0 అని పెట్టారంటే, మూడు మ్యాచ్‌లు ఓడిన టీముకు నాలుగోదానికి రావడానికి కారణమే ఉండదు.

వాకోవర్‌కు అసలు కారణం ఎక్కువసార్లు ల్యాబ్. ఎంట్రీ ఫారంలోనే 'ఏయే రోజుల్లో సాయంత్రం 5 తర్వాత కూడా ల్యాబ్ ఉంటుంది' అన్న గడి పెట్టండి. చీటీలతో డ్రా తీశాక స్లాట్లు దాన్ని బట్టే వేయండి. కెప్టెన్ ఒక్కడి ఫోన్ నంబర్‌తో ఊరుకోకండి, వైస్ కెప్టెన్‌ది కూడా తీసుకోండి. ముందు రోజు మధ్యాహ్నం 12 లోపు ఇద్దరిలో ఒకరు 'వస్తున్నాం' అని మెసేజ్ పెట్టాలి. ఒక టీముకు సీజన్‌లో ఒక్క వాయిదా, అదీ 24 గంటల ముందు అడిగితేనే. మ్యాచ్ రోజు పది నిమిషాల గ్రేస్, దానికి స్కోరర్ బల్ల మీది గడియారమే లెక్క.

రెండు వాకోవర్లు ఇస్తే టీమును తీసేసి, అప్పటిదాకా దాంతో ఆడిన మ్యాచ్‌లన్నీ రద్దు చేయండి. లేకపోతే ఆ టీముతో నిజంగా ఆడి ఓడినవాళ్లకు, ఆడకుండానే రెండు పాయింట్లు తీసుకున్నవాళ్లకు మధ్య అన్యాయం మిగిలిపోతుంది.

ప్ర: యూనివర్సిటీ టీము ప్లేయర్లు ఐదుగురు ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. కబడ్డీ వాళ్లే గెలుస్తారని ఈసారి మూడు టీములు ఎంట్రీనే ఇవ్వలేదు. వాళ్లను ఆపేయవచ్చా?
— పీడీ, హబ్సిగూడ

జ: పూర్తిగా ఆపొద్దు, వాళ్లూ విద్యార్థులే. కోర్టులో ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో పరిమితి పెట్టండి: కబడ్డీ ఏడుగురిలో ఇద్దరు, వాలీబాల్ ఆరుగురిలో ఒకరు, బాస్కెట్‌బాల్ ఐదుగురిలో ఒకరు. పరిమితి టీము లిస్టు మీద పెడితే మిగతావాళ్లు ఆటకే దూరమవుతారు. కోర్టు మీద పెడితే వంతులవారీగా అందరూ ఆడతారు.

గొడవ వచ్చేది 'యూనివర్సిటీ ప్లేయర్' అంటే ఎవరన్న దగ్గర. కిందటేడు ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్లిన జట్టు, ఎంట్రీల ఆఖరి తేదీ నాటికి కోచింగ్ క్యాంపు లిస్టులో ఉన్నవాళ్లు: ఈ రెండు కాగితాల్లో ఏదో ఒకదానిలో పేరుంటేనే. ఆ తేదీ తర్వాత ఎవరైనా సెలెక్ట్ అయితే ఈ సీజన్‌కు లెక్కలోకి రారు. మరో మాట. ఇంటర్ యూనివర్సిటీకి ఉన్న 25 ఏళ్ల వయోపరిమితిని ఇక్కడికి తెచ్చి పీహెచ్‌డీ స్కాలర్లను బయట పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. క్యాంపస్‌లో ఆట అందరికంటే అవసరమైనది వాళ్లకే.

ప్ర: కబడ్డీ కోర్టు మేమే వేసుకుంటాం. ప్రతిసారీ ఒక మూల వంకర పోతుంది, బోనస్ లైన్ దగ్గర తగాదా వస్తుంది. నేల కూడా గట్టిగా ఉండి మోకాళ్లు చెక్కుకుపోతున్నాయి.
— డిగ్రీ కాలేజీ విద్యార్థులు, ఘట్‌కేసర్

జ: మీ వైపు మొరం నేల ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. పైన రెండు మూడు అంగుళాలు తవ్వి వదులు చేయండి, కంకర ఏరేయండి, జల్లించిన ఎర్రమట్టి పరిచి చదును చేయండి. నీళ్లు ముందు రోజు సాయంత్రమే చల్లాలి. మ్యాచ్‌కు గంట ముందు చల్లితే పైపొర జారుతుంది, కింద మాత్రం గట్టిగానే ఉంటుంది. మడమతో నొక్కితే గుంట పడాలి, మట్టి కాలికి అంటకూడదు. అదే సరైన తేమ.

మార్కింగ్‌కు నాలుగు మేకులు, నైలాన్ తాడు, 30 మీటర్ల టేపు చాలు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నాలుగు మూలలా మేకులు కొట్టాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి. రెండు కర్ణాలూ 16.40 మీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే కోర్టు వంకర ఉన్నట్టే, మేకులు జరిపి మళ్లీ కొలవండి. మహిళల కోర్టు 12 × 8, కర్ణం 14.42. అవి సరిపోయాకే గీతలు గీయాలి, ముందు గీసి తర్వాత సరిచేద్దామంటే రెండు గీతలు మిగులుతాయి.

ఆ వెడల్పు లోపలే అటూ ఇటూ మీటర్ వెడల్పున లాబీలు తీయండి. బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత), బోనస్ లైన్ రెండూ మిడ్ లైన్ నుంచే కొలవాలి: పురుషులకు బాక్ లైన్ 3.75 మీటర్లు, బోనస్ 4.75. మహిళలకు 3, 4 మీటర్లు. మీ తగాదా బహుశా ఇక్కడే పుడుతోంది. ఎండ్ లైన్ నుంచి వెనక్కి కొలిస్తే రెండు వైపులా తేడా వస్తుంది. చుట్టూ మూడు నాలుగు మీటర్లు ఖాళీ వదలండి, కుర్చీలు దగ్గరికి రానివ్వకండి.

ఒక హెచ్చరిక. గీతలకు గోడలకు వేసే సున్నం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. రైడర్ బోర్లా పడి గీతను అందుకునే ఆట ఇది, కంట్లో పడితే కాలుస్తుంది. చాక్ పౌడర్ గానీ ముగ్గు పిండి గానీ వాడండి. పొరపాటున కంట్లో సున్నం పడితే వెంటనే శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కనీసం పావుగంట కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి.

ప్ర: అమ్మాయిల ఎంట్రీలు రావడం లేదు. ఆసక్తి లేదని మా కమిటీ అంటోంది. నిజమేనా?
— లెక్చరర్, కూకట్‌పల్లి

జ: నిజం కాదని మా గట్టి నమ్మకం. చిన్న డిపార్ట్‌మెంట్‌లో టీముకు సరిపడా అమ్మాయిలే ఉండకపోవచ్చు. రెండు మూడు డిపార్ట్‌మెంట్లను కలిపి ఒక టీముగా ఎంట్రీ తీసుకోండి, హాస్టల్ ఫ్లోర్ పేరుతోనూ తీసుకోండి. ఆటలు కూడా స్కూల్లో ఆడి వచ్చినవి పెట్టండి: త్రోబాల్, ఖోఖో, టెన్నికాయిట్. టెన్నికాయిట్ డబుల్స్‌కు ఇద్దరుంటే చాలు. త్రోబాల్‌కు కొత్త కోర్టు అక్కర్లేదు. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు, త్రోబాల్‌ది 18.30 × 12.20. పక్కలకు 1.6 మీటర్ల చొప్పున, రెండు చివరలకు 15 సెంటీమీటర్ల చొప్పున పెంచి వేరే రంగుతో గీస్తే ఒకటే కోర్టు రెండింటికీ పనికొస్తుంది. నెట్ మహిళల వాలీబాల్‌కు 2.24, త్రోబాల్‌కు 2.20, కాస్త దించితే చాలు.

మిగతాది మీ ఏర్పాట్ల మీద ఉంది. మొదటి స్లాట్ వాళ్లకు ఇవ్వండి, డే స్కాలర్లు బస్సు అందుకోవాలి. బట్టలు మార్చుకునే గది, పనిచేసే టాయిలెట్, గ్రౌండ్ నుంచి హాస్టల్ దాకా వీధిలైట్లు ఉన్నాయో లేదో మహిళా వలంటీర్‌తో కలిసి చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడండి. గ్యాలరీ నుంచి కామెంట్లు చేసినవాడి టీముకు పాయింట్ కోత అని రూల్స్‌లోనే రాయండి. ఫైనల్ మాత్రం అబ్బాయిల ఫైనల్ రోజే, అదే కోర్టులో, అంతే జనం ముందు జరపండి.

ప్ర: వాలీబాల్‌కు అంపైర్లు దొరకడం లేదు. ఉన్న ఇద్దరం పీడీలం ఎంతకని నిలబడగలం?
— పీడీ, ఘట్‌కేసర్

జ: డ్యూటీ టీము పద్ధతి పెట్టండి. 6.30 మ్యాచ్ టీములు 5.30 మ్యాచ్‌కు చెరో ఇద్దరిని పంపాలి: స్కోరర్, సెకండ్ రిఫరీ, ఎదురెదురు మూలల్లో ఇద్దరు లైన్ జడ్జిలు. పంపకపోతే పాయింట్ కోత. 5.30 టీములు 6.30కి, 6.30 టీములు మళ్లీ 7.30కి. ఫస్ట్ రిఫరీ మాత్రం మీరు శిక్షణ ఇచ్చిన విద్యార్థి అయి ఉండాలి, మ్యాచ్‌కు ఇంత అని గౌరవ వేతనం ఇవ్వండి. రెండు గంటల శిక్షణలో సిగ్నల్స్, నెట్ టచ్, డబుల్ కాంటాక్ట్ (ఒకరే వరుసగా రెండుసార్లు బంతిని తాకడం), రొటేషన్ (ప్లేయర్లు స్థానాలు మారే వరుస) తప్పులు చాలు. స్కోర్ షీట్ నింపడం మాత్రం ఒక ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టి నేర్పాల్సిందే. రొటేషన్ తగాదాలన్నీ తప్పుగా నింపిన షీట్ దగ్గరే మొదలవుతాయి.

ప్ర: మార్చిలో హాస్టళ్ల మధ్య కాస్కో బాల్ క్రికెట్ పెడుతున్నాం. ఎండకు ఏం జాగ్రత్తలు?
— హాస్టల్ వార్డెన్, ఉప్పల్

జ: 11 నుంచి 4 మధ్య మ్యాచ్ పెట్టొద్దు. ఎనిమిది ఓవర్ల మ్యాచ్ గంటన్నరలో అవుతుంది, పొద్దున 6.30కి మొదలుపెడితే పదిన్నరలోపు రెండు పూర్తి చేయొచ్చు. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే పాళ్లు తప్పుతాయి. ఎండలో ఆడుతున్న కుర్రాడు తికమకగా మాట్లాడినా, తూలినా వడదెబ్బ అనుకోండి, ఒంటికి చెమట పడుతున్నా సరే. వెంటనే నీడకు తెచ్చి ఒంటినిండా చల్లటి నీళ్లు పోస్తూ, ఐస్ పెడుతూ 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ ఏ గేటు నుంచి రావాలో సెక్యూరిటీకి ముందే చెప్పి ఉంచండి. చీలమండ మడత పడితే గుడ్డలో చుట్టిన ఐస్ 15-20 నిమిషాలు, మర్దన వద్దు. తలకు దెబ్బ తగిలి మగతగా ఉన్నవాడిని ఆ రోజు మళ్లీ దించొద్దు, ఎంత బతిమాలినా.

ప్ర: పూల్‌లో మూడు టీములకు సమాన పాయింట్లు వస్తే ఎవరిని సెమీస్‌కు పంపాలి?
— తార్నాక నుంచే మరొకరు

జ: వాలీబాల్‌లో గెలిచిన సెట్లను ఓడిన సెట్లతో భాగించండి. 9 గెలిచి 4 ఓడిన టీముకు 2.25, 8 గెలిచి 3 ఓడిన టీముకు 2.67. రెండోదే పైన. అదీ సమానమైతే ఇదే లెక్క పాయింట్లతో చేయండి. చిక్కు ఎక్కడంటే, వాకోవర్‌ను 25-0, 25-0గా రాస్తారు కదా, ఆడకుండా వచ్చిన ఆ 50 పాయింట్లు ఒక టీమును అమాంతం పైకి లేపేస్తాయి. అందుకే టై తేల్చేటప్పుడు వాకోవర్ ఇచ్చిన టీముతో జరిగిన మ్యాచ్‌లను మూడు టీములకూ లెక్కలోంచి తీసేయండి. ఈ రూల్ మాత్రం డ్రా తీసే రోజే కెప్టెన్లందరి సంతకాలతో కాగితం మీద ఉండాలి.