ఒక్క రోగిపై అంత నిఘా ఎందుకు?

ప్రశ్న: ఎక్కడైనా ఒక్క మనిషికి బర్డ్ ఫ్లూ సోకితే అది ప్రపంచ వార్త అవుతోంది. ఏటా ఎందరికో వచ్చే మామూలు ఫ్లూ విషయంలో అంత కలవరం కనిపించదు. ఎందుకీ తేడా? ఆ ఒక్కరిని ఎలా కనిపెడతారు?

జవాబు: మామూలు ఫ్లూ వైరస్‌లను మన శరీరం ఏదో ఒక రూపంలో ముందే ఎరిగి ఉంటుంది. పక్షుల్లో తిరిగే హెచ్5ఎన్1 వంటివి మనకు కొత్త. 1997లో హాంకాంగ్‌లో అది తొలిసారి మనుషుల్లో బయటపడినప్పుడు 18 మంది జబ్బుపడగా ఆరుగురు మరణించారు. ఇప్పటివరకు అది మనిషి నుంచి మనిషికి తేలికగా పాకలేదు. ఆ శక్తి వస్తోందా అన్నది ముందుగా పసిగట్టడమే ఈ నిఘా అసలు ఉద్దేశం. అందుకే కొత్త రకం ఫ్లూ ఒక్కరిలో నిర్ధారణ అయినా 24 గంటల్లోగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతున్నాయి.

రోగిని కనిపెట్టే దారులు ప్రధానంగా రెండు. పక్షుల్లో వ్యాధి బయటపడిన చోట వాటిని పెంచినవారిని, చంపి పాతిపెట్టినవారిని, వాటితో మెలిగిన ఆఖరి రోజు నుంచి దాదాపు పది రోజులు గమనిస్తూ, జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం వంటివి కనిపిస్తే నమూనాలు తీస్తారు. కళ్లను చిన్నచూపు చూడకూడదు: 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 అనే మరో రకం బర్డ్ ఫ్లూ సోకిన 89 మందిలో ఎక్కువమందికి వచ్చింది కళ్లకలకే, అయినా ఒక పశువైద్యుడు మరణించారు. రెండో దారి ఆసుపత్రుల్లోని ఫ్లూ నమూనాలు. ఇన్‌ఫ్లుయెంజా-ఏ (బర్డ్ ఫ్లూ కూడా చేరే ఫ్లూ వైరస్‌ల తరగతి) అని తేలి, మనుషుల్లో ఏటా తిరిగే రకాల్లో దేనితోనూ సరిపోలని నమూనాను పై స్థాయి ప్రయోగశాలకు పంపి, వైరస్ జన్యుక్రమాన్ని చదువుతారు. 1952 నుంచి పనిచేస్తున్న ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా ప్రయోగశాలల వ్యవస్థకు ఇదే ఆయువుపట్టు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 2003 నుంచి నమోదైన హెచ్5ఎన్1 రోగుల్లో దాదాపు సగం మంది మరణించారన్నది నిజమే గాని, స్వల్పంగా జబ్బుచేసి ఇంట్లోనే కోలుకున్నవారు ఆ లెక్కలోకి రారు. పక్షులతో పనిచేసేవారి రక్తంలో ప్రతిరక్షకాలను, అంటే వైరస్ ఇదివరకే సోకిందని చూపే గుర్తులను, వెతికే సర్వేలు ఈ లోటును కొంత పూడుస్తాయి. ఆ కార్మికులకు సెలవు పెడితే కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఏ నిఘా అయినా సగమే చూస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: ఇంట్లో చిలుకలను పెంచుతున్నాము. బర్డ్ ఫ్లూ తప్ప వేరే భయమేమీ లేదా?

జవాబు: సిటకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు ఉంది. 1929–30లో చిలుకల ఎగుమతులతో ఇది పలు దేశాలకు పాకింది. ఎండిన రెట్ట ధూళిని పీల్చినప్పుడు సోకి, సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం, తలనొప్పి, పొడిదగ్గుతో మొదలవుతుంది. మామూలు న్యుమోనియాలాగే కనిపిస్తుంది కనుక, పక్షుల సంగతి ఎవరూ అడగకపోతే ఇది లెక్కకెక్కదు. పెన్సిలిన్ తరహా మందులు దీనికి సరిగా పనిచేయవు, డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. కాబట్టి పంజరాన్ని పొడిగా ఊడ్వక, తడిపి తుడవండి. జ్వరం వస్తే, వైద్యులు అడగకపోయినా ఇంట్లో చిలుకలున్నాయని మీరే చెప్పండి.