మీ ఇంటి స్టూడియోకి ఊరిని పిలవండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సత్యనారాయణపురం, మొగల్రాజపురం చుట్టుపక్కల ఉండే ఆర్టిస్టులం కొంతమందిమి కలిశాం. ఆయిల్ వేసేవాళ్లున్నారు, వాటర్ కలర్ వేసేవాళ్లున్నారు, ఒకావిడ టెర్రకోట చేస్తారు. ఎవరికీ గ్యాలరీ లేదు, ఇంట్లో ఒక గదే మా స్టూడియో. ఒక ఆదివారం మా ఇళ్లు తెరిచిపెట్టి ఎవరైనా ఫ్రీగా వచ్చి చూసేలా చేద్దామని ఆలోచన. ఇంట్లో వాళ్లేమో ముక్కూమొహం తెలీని వాళ్లని లోపలికి ఎలా రానిస్తాం, అసలు ఎవరొస్తారు అంటున్నారు. చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేయండమ్మా, తప్పకుండా చేయండి. ఇది కొత్త ప్రయోగమేం కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్టిస్టులు 1975 నుంచీ ఏటా ఇలా స్టూడియోలు తెరిచి జనాన్ని పిలుస్తున్నారు. అంత దూరం ఎందుకు, చెన్నై పక్కన చోళమండలంలో 1966 నుంచి ఆర్టిస్టులు ఒకేచోట ఇళ్లు కట్టుకుని పని చేసుకుంటూ వచ్చారు, శాంతినికేతన్‌లో డిసెంబర్ మొదట్లో నందన్ మేళా పెట్టి అక్కడి ఆర్ట్ కాలేజీ అయిన కళాభవన్ పిల్లలూ మాస్టార్లూ తాము చేసినవి జనం మధ్యలో పెట్టి అమ్ముతారు. ఇంకా దగ్గరికొస్తే మన కొండపల్లిలో బొమ్మల కాలనీకి వెళ్తే చెక్కేవాళ్లు పనిలో ఉండగానే పక్కన నిలబడి చూడొచ్చు. మీరు చేయబోయేదీ అలాంటిదే, కాకపోతే అపార్ట్‌మెంట్లో.

ఇంట్లో వాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. అందరి ఇళ్లూ తెరవక్కర్లేదు, ఒక రెండు మూడు ఇళ్లు చాలు, మిగతావాళ్లు తమ బొమ్మలు తెచ్చి ఆ ఇళ్లలోనే కూర్చుంటే ఒక్కో చోట ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు, ఎవరూ ఒంటరిగా ఉండాల్సిన పని లేదు. పడగ్గదులకి తాళం వేసేయండి, హాలూ స్టూడియో గదీ బాల్కనీ ఇంతవరకే. మెట్ల దగ్గర ఒకళ్లు నిలబడి పేరూ ఫోన్ నంబరూ రాయించుకుంటే రేపు మళ్లీ పిలవడానికీ పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకి ముందే చెప్పండి, చెప్పడమే కాదు వాళ్ల పిల్లల్ని మొదటి గంటకి పిలవండి, అప్పుడు పార్కింగ్ దగ్గర గొడవ సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. ఓపెన్ స్టూడియో అనగానే ఇల్లంతా సర్దేసి, రంగులు బీరువాలో పెట్టేసి, గోడ నిండా ఫ్రేములు తగిలించేసి ఎగ్జిబిషన్ చేసేస్తారు. అలా చేయకండి దయచేసి. పూర్తయిన బొమ్మలు జనం ఎక్కడైనా చూడగలరు, ఫోన్లో చూడగలరు. సగంలో ఉన్న బొమ్మ ఎక్కడ చూస్తారు చెప్పండి? ఈజెల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మీద పెన్సిల్ గీతలు ఇంకా కనపడుతున్న కాన్వాస్ ఒకటి, దాని పక్కనే మొదటి పూత వేసినది, దాని పక్కన పూర్తయినది, మూడూ వరసగా పెట్టండి. ఆ పూట మీరు కూర్చుని వేస్తూనే ఉండండి. కృష్ణా బ్యారేజీ మీద సాయంత్రం వెలుగు వేస్తున్నారనుకోండి, నీళ్లకి నీలం కాకుండా ముందు మట్టి రంగు ఎందుకు పూశారో ఒక పదో తరగతి పిల్లాడు అడుగుతాడు, దానికి మీరు చెప్పే జవాబే ఆ రోజు వాడు ఇంటికి తీసుకెళ్లేది. టెర్రకోట ఆవిడ దగ్గరైతే తడి మట్టి ముద్ద ఒకటి పక్కన పెట్టమనండి, చేయి పెట్టాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది, పెట్టనివ్వండి. పగిలినవి, కాల్చేటప్పుడు బీట్లు వారినవి కూడా దాచకుండా ఒక ట్రేలో పెడితే ఎంత కష్టమో మాట్లాడకుండానే తెలుస్తుంది.

ఆయిల్ వాళ్లకి ఒక జాగ్రత్త. టర్పెంటైన్ సీసాలు మూతలు పెట్టి పైన పెట్టేయండి, అది అంటుకునే సరుకు, కిటికీలు తీసి ఉంచండి, దేవుడి గది పక్కనే స్టూడియో ఉంటే దీపం ఎక్కడుందో చూసుకోండి. ఆరని బొమ్మకి "తడి, ముట్టుకోవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, పెట్టినా ముట్టుకుంటారు, అందుకని అమ్మేవి కాకుండా స్టడీలు, అంటే ప్రాక్టీసుకి వేసుకున్నవి, ముందు పెట్టండి.

ఉచితం సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. రావడం ఉచితం, చూడడం ఉచితం, అడగడం ఉచితం, బొమ్మ మాత్రం ఉచితం కాదు. మనవాళ్లలో మొహమాటం ఎక్కువ, "మా వాడే కదా ఒకటి ఇచ్చేయ్" అనే మామయ్యలు వస్తారు. అందుకే ప్రతి బొమ్మ కింద ధర రాసి పెట్టండి, రాసుంటే అడగడానికి వాళ్లకీ మొహమాటం ఉండదు, చెప్పడానికి మీకూ ఉండదు. ధర ఎలా కట్టాలో తెలియకపోతే చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని వేసుకుంటారు, 12కి 16 అంగుళాల బొమ్మ అంటే 192 చదరపు అంగుళాలు, అంగుళానికి 15 రూపాయలనుకుంటే 2,880, ఫ్రేము వేరే. రేటు మీ ఇష్టం, కానీ ఒకరికి ఒకటీ ఇంకొకరికి ఇంకొకటీ చెప్పకండి, ఊళ్లో గంటలో తెలిసిపోతుంది. పోస్ట్‌కార్డు సైజు చిన్నవి కొన్ని పెట్టుకుంటే విద్యార్థులు కూడా కొనుక్కోగలరు. కొనకుండా వెళ్లేవాళ్లని కూడా అంతే బాగా సాగనంపండి, వాళ్లే మళ్లీ నలుగురిని వెంటబెట్టుకుని వస్తారు.

రోజు ఎంచుకునేటప్పుడు మే నెల వద్దే వద్దు, బెజవాడ ఎండకి మనుషులూ రారు, వాటర్ కలర్ కుంచె పెట్టీ పెట్టకముందే ఆరిపోతుంది. మార్చిలో పరీక్షలు, దసరాకి ట్రాఫిక్ కదలదు. డిసెంబర్ ఆదివారాలు బాగుంటాయి, జనవరి మొదట్లో బుక్ ఫెస్టివల్ సందడి ఉంటుంది కాబట్టి దానికి అడ్డం రాకుండా చూసుకోండి. పబ్లిసిటీకి వాట్సాప్ గ్రూపులు ఎలాగూ ఉన్నాయి, దానికంటే దగ్గర్లో ఉన్న స్కూళ్ల డ్రాయింగ్ మాస్టార్లని స్వయంగా వెళ్లి పిలవండి, ఒక్క మాస్టారు వస్తే వెనకాల ఇరవై మంది పిల్లలు.

*

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఎప్పుడూ బొమ్మలే. మాకు ఆర్ట్ గురించి ఏమీ తెలీదు. ఆర్టిస్టులు పని చేస్తుండగా దగ్గర్నుంచి చూపించాలని ఉంది, ఎక్కడికి తీసుకెళ్లాలి? వెళ్తే ఏదైనా కొనాలా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మాయి కోసం ఇలా అడిగారు చూడండి, చాలా సంతోషమేసిందండీ.

మొదట కొండపల్లి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. అక్కడ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, బరువే ఉండదు, అమ్మాయి చేతికి ఒక ముక్క ఇమ్మని అడగండి. కర్రని సన్నటి సెగ మీద ఆరబెట్టి తడి పోయాక చెక్కుతారు, ఏనుగుకి తొండం, మావటికి చేతులు అన్నీ విడివిడిగా చెక్కి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో వెతకమనండి అమ్మాయిని, ఆకురాయితో రుద్ది సున్నం పూత వేశాక కనపడదు. ఆ తర్వాతే రంగులు. 2007లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరి ప్రత్యేకమని చెప్పే గుర్తింపు, వచ్చింది, కానీ ఆ పని చేస్తున్న మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు గుర్తింపుల గురించి కాదు అడగాల్సింది, కన్ను గీసేటప్పుడు ఊపిరి బిగబడతారా అని అడగమనండి.

గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే దార్లోనే మంగళగిరి, మగ్గం ఉన్న ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు, పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) ఎలా పోస్తారో చూడడం కూడా డిజైన్ పాఠమే. ఇంకో రోజు పెడన పెట్టుకోండి, అక్కడ కలంకారీ అద్దకం చేస్తారు. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి, పాత ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో నలుపు అద్దుతారు. కెమికల్ లేకుండా నలుపు ఎలా వస్తుందో స్కూల్లో కెమిస్ట్రీ మేడమ్‌కి కూడా చెప్పొచ్చు మీ అమ్మాయి. తెనాలి వైపు విగ్రహాలు చేసే వర్క్‌షాపులున్నాయి, ముందు ఫోన్ చేసి వెళ్లండి, వెల్డింగ్ జరిగే చోట పిల్లల్ని దూరంగా ఉంచాలి. అమరావతి మ్యూజియం మాత్రం ఊరికే నడుచుకుంటూ చూసి వచ్చేయకండి, ఒక శిల్పం ముందు అమ్మాయిని కూర్చోబెట్టి గంటసేపు గీయనివ్వండి, మీరు బయట టీ తాగి రండి.

కొనడం గురించి అడిగారు. తప్పనిసరి కాదండీ. కానీ ఒక మనిషి పని ఆపి అరగంట మీ పాపకి చెప్పినప్పుడు, ఉన్నంతలో చిన్న బొమ్మ ఒకటి తీసుకోవడం మర్యాద, బేరం ఆడకుండా తీసుకోవడం ఇంకా మర్యాద. ఫోటో తీసే ముందు అడగండి. ఇక "దీంట్లో భవిష్యత్తు ఉంటుందా అండీ" అని అమ్మాయి ముందు మాత్రం వాళ్లని అడగొద్దు, ఆ ప్రశ్న ఆ పిల్ల మనసులో చాలా రోజులు ఉండిపోతుంది.

*

ప్రశ్న: నేను బోర్డులు రాసేవాడిని. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, ఇప్పుడు షాపులో కూర్చుంటున్నాను. మా వీధిలో పిల్లలు ఆర్టిస్టుల ఓపెన్ డే పెడుతున్నారు, నన్నూ రమ్మన్నారు. నేను ఆర్టిస్టునేనా అని అనుమానం. వెళ్లనా?
– ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: అన్నా, వెళ్లండి. ముందు వరసలో కూర్చోండి.

గోడ మీద స్కేలు లేకుండా, దారం సున్నంలో ముంచి ఒక్క గీత కొట్టి, దాని మీద "శ్రీ వేంకటేశ్వర క్లాత్ స్టోర్స్" అని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చోటు సరిపోయేలా రాయగలిగే చేయి ఎంతమందికి ఉంది ఇవాళ? తెలుగు అక్షరం గుండ్రం, తలకట్టు, కొమ్ము, కింద వత్తు, ఇవన్నీ ఒకే మందంలో కుంచెతో తిప్పడం ఎంత కష్టమో కంప్యూటర్ ముందు కూర్చునే డిజైనర్లకి తెలుసు, వాళ్ల దగ్గర మంచి తెలుగు ఫాంట్లు ఉండేవి కొన్నే, మీ చేతిలో ఉన్న మలుపులు చాలావాటిలో ఉండవు. ఒక నల్ల రేకు, ఎనామిల్ డబ్బాలు రెండు, మీ పాత కుంచెలు తీసుకెళ్లండి. వచ్చిన పిల్లల పేర్లు వాళ్ల ఎదురుగానే రాసి చూపించండి, "క్ష" ఎలా మొదలుపెడతారో, నీడ ఏ పక్కకి వేస్తారో చెప్పండి. చిన్న నేమ్ ప్లేటుకి ధర పెట్టుకోండి, ఇంటి గుమ్మానికి చేత్తో రాసిన పేరు కావాలనుకునేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఓపెన్ డే పెడుతున్న పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే, ఈయన కూర్చునే చోట మంచి వెలుతురు ఉండేలా చూడండి, ఒక కుర్చీ వేయండి, అంత వయసులో కింద కూర్చోబెట్టకండి.

*

ప్రశ్న: మా ఓపెన్ స్టూడియోకి వచ్చిన ఒకాయన నా పెయింటింగ్ కొన్నారు. తర్వాత చూస్తే అదే బొమ్మ క్యాలెండర్ మీద అచ్చయింది. కొన్నాను కదా నా ఇష్టం అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ. కాన్వాస్ ఆయనది, కాపీరైట్ మీది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్లే దాని మొదటి హక్కుదారు, ఆ హక్కు వేరేవాళ్లకి పోవాలంటే రాతపూర్వకంగా రాసివ్వాలి, బొమ్మ అమ్మినంత మాత్రాన పోదు. మీరు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు ఉన్నట్టే. ఒక్క విషయం చూసుకోండి, డబ్బిచ్చి "నాకు ఈ బొమ్మ వేసిపెట్టు" అని ఆయన ముందే ఆర్డరిచ్చి వేయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు ఆయనకే వెళ్తుంది. మీరు ఇంట్లో వేసుకుని పెట్టుకున్నది ఆయన కొన్నారు కాబట్టి మీ పక్షమే. ముందు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, క్యాలెండర్ కాపీ ఒకటి, మీ స్కెచ్‌లూ ఫోటోలూ తేదీలతో సహా దాచుకోండి, మాట వినకపోతే లాయర్ని కలవండి. ఇకపైన అమ్మే ప్రతి బొమ్మకీ బిల్లు ఇవ్వండి, దాని మీద "బొమ్మ అమ్మకం మాత్రమే, అచ్చు వేసే హక్కు ఆర్టిస్టుదే" అని ఒక్క లైను రాయించి సంతకం తీసుకోండి.