ముందు పట్టా, తర్వాతే ప్లాను

గుణుపురం

అమ్మలూ,

నువ్వు ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి మీ అమ్మ చేసింది. ఇల్లు మొదలుపెట్టడానికి మాఘంలో ముహూర్తం పెట్టించేసిందట, మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేస్తానంటోంది. ఇప్పుడే ఇవ్వొద్దన్నాను. నాకు కోపంగానే సమాధానం చెప్పింది, అది వేరే సంగతి.

నువ్వు పంపిన ప్లాను చూశాను. బాగుంది. వంటింటికి తూర్పు కిటికీ పెట్టించావు, మీ నాన్న ఉంటే మురిసిపోయేవాడు. కానీ దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. పర్మిషన్ ఆగేది ప్లాను దగ్గర తక్కువ, స్థలం కాగితాల దగ్గర ఎక్కువ. 30 ఏళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని ఊరందరికీ దస్తావేజులు రాసిన నేనే నా సొంత ఇంటికి ఈ తప్పు చేశాను. ప్లాను గీయించి, ఇటుక బేరం కూడా ఆడుకున్నాక పట్టా తీసి చూస్తే కిసం, అంటే భూమి రకం, గడిలో ‘శారద’ అని ఉంది. అంటే వరి పొలం. చుట్టూ ఇళ్లు లేచిపోయాయి, వీధి లైటు వచ్చింది, కాగితం మీద మాత్రం అది పొలమే. ఇల్లు కట్టాలంటే అక్కడ ‘ఘరబారి’, అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. 1960 నాటి ఒడిశా భూ సంస్కరణల చట్టంలో 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెట్టి, కట్టాల్సింది కట్టి మార్పించుకునేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ మీ అత్తయ్య నన్నేమందో ఈ కాగితం మీద రాయలేను.

అందుకని మొదట ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్ తెరువు. జిల్లా రాయగడ, తర్వాత తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాట్ నంబరు ఇస్తే పట్టా నకలు కనిపిస్తుంది. అంతా ఒడియాలోనే ఉంటుంది. నువ్వు పాతపట్నం వైపు తెలుగు బడిలో చదివావు కాబట్టి నీకు అక్షరాలు రావు, ఫోటో తీసి నాకు పంపు. మూడు గడులు చూస్తాను. హక్కు గడిలో ‘స్థితిబాన్’ (శాశ్వత హక్కు) అని ఉందా, కిసం ఏముంది, విస్తీర్ణం ఎంత. అక్కడ డెసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు. మీది 5 డెసిమళ్లని మీ నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. అంటే 2,178 అడుగులు, మీటర్లలో 202 చిల్లర. దరఖాస్తు మీటర్లలోనే అడుగుతుంది.

పట్టా ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంటుంది కదా. చనిపోయినవారి పేరు మీద ప్లాను పాస్ కాదు. తహసీల్ నుంచి వారసుల సర్టిఫికెట్ తెచ్చుకుని మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, పెట్టుకోవాలి. అప్పుడు మీ అమ్మ, నువ్వు, తమ్ముడు ముగ్గురి పేర్లూ ఎక్కుతాయి. ఇల్లు నీ డబ్బుతో కడుతున్నావు కాబట్టి ఒక మాట సూటిగా చెప్తాను, నొచ్చుకోకు. తమ్ముడు మంచివాడే. రేపు వాడికి పెళ్లయ్యాక కూడా మంచివాడిగానే ఉండాలంటే ఇప్పుడే రాసుకోండి. అందరూ ఒప్పుకుంటే అదే చట్టంలో 19(1)(సి) కింద తహసీల్దారు దగ్గరే పంపకం అయిపోతుంది, కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. అది వద్దనుకుంటే ముగ్గురూ కలిసి దరఖాస్తుదారులుగా సంతకాలు పెట్టండి. మధ్యేమార్గంగా నోటిమాట మీద మాత్రం కట్టకు.

ఇక పేర్లు. మన తెలుగువాళ్లం ఈ జిల్లాలో ఎక్కువగా తిరిగేది దీని గురించే. ఒడియా రాతలో ‘వ’కీ ‘బ’కీ ఒకటే అక్షరం సరిపెట్టేస్తారు. మీ నాన్న వెంకటరావు పట్టాలో ‘బెంకట రాఓ’ అయి కూర్చుంటాడు. పైగా మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకి చివర ఉంటుంది. దాంతో రాసినాయనకి ‘రావు’ ఇంటిపేరై, అసలు ఇంటిపేరు గాలికి పోయింది. నీ ఆధార్ విశాఖలో తీసుకున్నావు, అందులో ఇంకో వరస. పరిశీలించే గుమాస్తాకి వేరువేరు మనుషులు కనిపిస్తారు. అతని తప్పేం లేదు, అతను చూసేది కాగితాన్నే. మ్యుటేషన్ వేసేటప్పుడే ‘ఈ రెండు పేర్లూ ఒక్కరివే’ అని అఫిడవిట్ పెట్టి, కొత్త పట్టాలో నీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకో. ముసాయిదా చూపిస్తే తలూపకు, ఫోటో తీసి నాకు పంపు. తర్వాత దిద్దించడం కొత్తగా రాయించడం కంటే కష్టం.

మీ నాన్న ఆ స్థలం ఎవరి దగ్గర కొన్నాడో పాత దస్తావేజులో చూడాలి. పాత కోరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, మన గుణుపురం కూడా అందులోదే. ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా 1956లోనే రెగ్యులేషన్ తెచ్చారు, 2002 నుంచి అది ఇంకా గట్టిపడింది. ఆ కాలంలో ఉప్పు అప్పుకి కూడా పొలాలు చేతులు మారాయని మా నాన్న చెప్పేవాడు, కాబట్టి ఆ కట్టడి అవసరమే. నాకు తెలిసి మీది తెలుగు షావుకారు దగ్గర కొన్నదే. అతను ఎవరి దగ్గర కొన్నాడో కూడా చూద్దాం.

ఇవన్నీ కుదిరాక అమీన్‌తో, అంటే సర్వేయరుతో, కొలిపించు. ప్లాను గీసినవాడు దస్తావేజులో కొలతలు చూసి గీశాడా, టేపు పట్టుకుని వెళ్లి గీశాడా అడుగు. మా వీధిలో ఒకాయన స్థలం కాగితం కంటే అడుగున్నర తగ్గింది, పక్కింటి గోడ ఎప్పుడో జరిగి కూర్చుంది. అప్పటికే పిల్లర్లు లేచాయి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ, ఎంత వదలాలనేది స్థలం సైజు, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తు బట్టి మారుతుంది, మీ ఇంజినీరు రూలు చూపించి చెప్పాలి. నీ ప్లానులో మెట్లు పక్క సందులోకి వచ్చాయి, సైట్ చూడ్డానికి వచ్చే జూనియర్ ఇంజినీరు కన్ను ముందు అక్కడే పడుతుంది. పునాది ఎత్తు కూడా ఇంకో అడుగు పెంచమను. 2018లో తిత్లీ తుఫానుకి వంశధార ఎలా పొంగిందో మీ అమ్మని అడుగు.

దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. గుర్తింపు ఉన్న ఆర్కిటెక్టో ఇంజినీరో తన లాగిన్ నుంచి పెడతాడు. ఫోన్ నంబరు గడిలో నీ నంబరే వేయించు, అతనిది కాదు. అభ్యంతరం మెసేజ్ అతని ఫోన్లో పడి నెలల తరబడి నిద్రపోయిన కేసులు చూశాను. కొత్త పట్టా, ఈ ఏడాది ఖజణా (భూమి శిస్తు) రసీదు, దస్తావేజు, ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), ఆధార్ అన్నీ నువ్వే స్కాన్ చేసి నీ దగ్గర ఒక కాపీ ఉంచుకో. ఫీజు రసీదు వచ్చే దారిలోనే కట్టు. నిర్మాణ కార్మికుల సెస్సు అని ఖర్చు మీద ఒక శాతం అడగొచ్చు, చిన్న సొంతిళ్లకి మినహాయింపు ఉంది, మీకు వర్తిస్తుందా అడుగు. ఆఫీసు గేటు దగ్గర ‘మేం చేయించేస్తాం మేడమ్’ అనేవాళ్లకి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపో.

ముహూర్తం సంగతి. మీ అమ్మ మాట కాదనలేం కాబట్టి ఆ రోజు శంకుస్థాపన పూజ చేయించుకోండి, నాలుగు ఇటుకలు పెట్టుకోండి. గునపం మాత్రం పర్మిషన్ కాగితం చేతికొచ్చాకే దిగాలి. ఆ కాగితం మీద గడువు ఎప్పటిదాకా ఉందో, పునాది అయ్యాక కబురు చెప్పమన్నారో లేదో చదువు. కట్టాక అదే ఆఫీసు నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇంట్లో ఉండొచ్చనే కాగితం, కూడా కావాలి, బ్యాంకువాళ్లు అడుగుతారు.

వచ్చే వారం రెండు రోజులు సెలవు పెట్టి గుణుపూర్ పాసింజరు ఎక్కు, స్టేషన్‌కి నేనొస్తాను. మీ నాన్న పచ్చ ట్రంకుపెట్టె తాళంచెవి అమ్మ దగ్గర తీసుకురా. పాత దస్తావేజు అందులో అడుగున, గుడ్డసంచిలో ఉండాలి.

మీ మావయ్య